ఒంటిస్తంభం మేడా? సలా మీద ఇంత భారం వేసి కొత్త సీజన్‌లోకి వెళ్తున్న లివర్‌పూల్

ఎర్రచొక్కా_11
2025 ఆగస్టు 11, ఉదయం 7:10

నిన్న వెంబ్లీలో కమ్యూనిటీ షీల్డ్, అంటే సీజన్‌కి ముందు ఆడే ఒక్క మ్యాచ్ ఫుట్‌బాల్ కప్పు, చూసినవాళ్లంతా ఒకసారి ఇటు రండి. నాకు రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

క్రిస్టల్ ప్యాలెస్ మీద రెండుసార్లు ముందుకెళ్లాం. ఎకిటికే నాలుగో నిమిషంలోనే కొట్టాడు, తర్వాత ఫ్రింపాంగ్. రెండుసార్లూ వాళ్లు లెక్క సరిచేశారు. 2-2 అయ్యాక పెనాల్టీ షూటౌట్‌లో మన వింగర్ సలా కిక్ బార్ మీదుగా పైకి పోయింది. మాక్ అలిస్టర్, ఎలియట్ కిక్‌లూ పోయాయి. కప్పు ప్యాలెస్‌కి.

షీల్డ్ పోయిందని కాదు నా బాధ. ఆట జరుగుతున్నంతసేపూ నేను చూసింది ఒక్కటే: బంతి సలాకి ఎప్పుడు వెళ్తుంది? ఈ ఎదురుచూపు నాకు ఎనిమిదేళ్ల నుంచి ఉన్న అలవాటు. నిన్న మాత్రం వెళ్లిన కొద్దిసార్లూ ఏమీ జరగలేదు. అప్పుడు భయం వేసింది. గత సీజన్ మన లీగ్ టైటిల్‌లో సగానికి సగం ఆయనదే. జూన్‌లో 33 నిండాయి. డిసెంబర్‌లో ఈజిప్టు తరఫున ఆఫ్రికా కప్‌కి వెళ్తాడు. శుక్రవారం బోర్న్‌మత్‌తో సీజన్ మొదలు. మనం ఒంటిస్తంభం మేడలో కాపురం ఉంటున్నామా? మనసులో మాట చెప్పండి.

లెక్కల_మాస్టారు
ఆగస్టు 11, ఉదయం 8:02

"సగానికి సగం" అన్నారు, అసలు లెక్క అంతకంటే ఎక్కువే. 2024-25 లీగ్‌లో లివర్‌పూల్ కొట్టినవి 86 గోల్స్. సలా కొట్టినవి 29, కొట్టించినవి 18. మొత్తం 47, అంటే దాదాపు 55 శాతం. 38 మ్యాచ్‌ల సీజన్‌లో ఇంతవరకు ఎవరూ చేయనిది. 42 మ్యాచ్‌ల కాలంలో ఆండీ కోల్, షియరర్ కూడా 47 దగ్గరే ఆగారు. ఆయన తర్వాత మన టీమ్‌లో ఎక్కువ గోల్స్ లూయిస్ డియాజ్‌వి, 13. ఆ తర్వాత గాక్‌పో 10. డియాజ్ ఇప్పుడు బయర్న్‌లో ఉన్నాడు.

ఇంకో సంగతి. 38 మ్యాచ్‌లకి 38 ఆడాడు. ఒక్కటి కూడా వదల్లేదు. 32 ఏళ్ల వింగర్ అలా ఆడటం మనకి మామూలు విషయంలా కనబడుతోంది గానీ అది మామూలు కాదు.

నైట్‌షిఫ్ట్_ఫ్యాన్
ఆగస్టు 11, ఉదయం 8:20

మాస్టారూ, ఆ 29లో 9 పెనాల్టీలు. అది కూడా చెప్పాలి కదా. పెనాల్టీ ఇంకొకరైనా కొడతారు.

లెక్కల_మాస్టారు
ఆగస్టు 11, ఉదయం 8:31

నిజమే బాబూ, 9. అవి తీసేసినా 20 గోల్స్, 18 అసిస్టులు ఉంటాయి. వింగ్‌లో ఆడేవాడికి అది కూడా కెరీర్‌లో ఒక్కసారి వచ్చే సీజనే. ఆయనకి మాత్రం 2017-18లో ఒకసారి వచ్చింది (32 గోల్స్), మళ్లీ ఏడేళ్లకి వచ్చింది.

విశాఖ_రెడ్
ఆగస్టు 11, ఉదయం 9:45

నేను ఎర్రచొక్కా అన్నతో ఏకీభవించను. ఒంటిస్తంభం మేడ అంటే స్తంభం తీస్తే కూలాలి. మన మేడ కూలలేదు, అదీ ఎన్నోసార్లు.

2019 మే 7. ఛాంపియన్స్ లీగ్ సెమీస్. రెండు మ్యాచ్‌ల్లో మొదటిదాంట్లో బార్సిలోనా చేతిలో 3-0తో ఓడి వచ్చాం. అంతకుముందు న్యూకాసిల్ మ్యాచ్‌లో తలకి దెబ్బ తగిలి సలా లేడు. ఫిర్మినో కూడా లేడు. స్టాండ్‌లో కూర్చున్న సలా నల్ల టీషర్టు మీద "ఓటమి ఒప్పుకోవద్దు" అన్న అర్థం వచ్చే ఇంగ్లిష్ మాట. ఒరిగి రెండు, వైనాల్డమ్ రెండు. 4-0. అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. తెల్లవారుజామున కేక పెడితే నాన్న లేచి దొంగలు పడ్డారనుకున్నారు.

2022 జనవరిలో సలా, మానే ఇద్దరూ ఆఫ్రికా కప్‌కి వెళ్లారు. బ్రెంట్‌ఫర్డ్ మీద 3-0, ప్యాలెస్ మీద 3-1 గెలిచాం. లీగ్ కప్ సెమీస్‌లో ఆర్సెనల్ గ్రౌండ్‌కి వెళ్లి 2-0.

2024 జనవరిలో ఆఫ్రికా కప్‌లో ఘనా మ్యాచ్‌లో సలాకి తొడ కండరం పట్టేసింది. ఆయన లేకుండా బోర్న్‌మత్ మీద 4-0, చెల్సీ మీద 4-1. ఫిబ్రవరి 25న లీగ్ కప్ ఫైనల్ అకాడమీ పిల్లలతో ఆడి 118వ నిమిషంలో వాన్ డైక్ తలతో గెలిచాం.

గత మార్చిలో పారిస్‌లో పీఎస్‌జీ మీద ఏం జరిగింది? 86వ నిమిషంలో సలాని తీసి ఎలియట్‌ని దింపారు. మరుసటి నిమిషంలోనే ఎలియట్ గోల్.

ఇన్ని కళ్లముందు పెట్టుకుని కూడా ఒక్కడి మీదే టీమ్ నడుస్తోందంటే ఎలా అన్నా?

మెర్సీ_ఒడ్డున
ఆగస్టు 11, మధ్యాహ్నం 2:15

నేను లివర్‌పూల్‌లోనే ఉంటాను, నర్సుగా పనిచేస్తున్నాను, వచ్చి మూడేళ్లయింది. విశాఖ తమ్ముడు రాసిన దాంట్లో ఒక పేరు రాయకుండా వదిలేశాడు. తెలిసే వదిలాడో, తెలియక వదిలాడో. 2022లో ఆర్సెనల్ గ్రౌండ్‌లో ఆ రెండు గోల్స్ కొట్టింది డియోగో జోటా.

జూలై 3 ఉదయం డ్యూటీ దిగుతుండగా వార్డులో ఎవరో చెప్పారు. స్పెయిన్‌లో, జమోరా దగ్గర కారు ప్రమాదంలో జోటా పోయాడని, తమ్ముడు ఆండ్రే కూడా. పెళ్లయి పదకొండు రోజులు. ఆ రోజు ఇంటికి వెళ్లకుండా నేరుగా మన గ్రౌండ్ ఆన్‌ఫీల్డ్‌కి నడిచాను. అప్పటికే గేటు దగ్గర పూలు, స్కార్ఫులు. ఊళ్లోనే మన ప్రత్యర్థి క్లబ్ ఎవర్టన్ చొక్కాలు కూడా పెట్టారు. నా పక్కన ఒక ముసలాయన ఏమీ మాట్లాడకుండా గంటసేపు నిలబడ్డాడు.

ఇప్పుడు మీరు సలా లేని డిసెంబర్ గురించి మాట్లాడుతున్నారు. సలా లేనప్పుడు ముందుకొచ్చి గోల్ కొట్టే అబ్బాయే లేడు. అతని 20వ నంబర్ చొక్కా ఇక ఎవరికీ ఇవ్వరు. ఈ టీమ్ ఎవరి మీద ఆధారపడుతోందని లెక్క వేసేటప్పుడు ఇది కూడా గుర్తుపెట్టుకోండి. వాళ్లు స్నేహితుణ్ని పోగొట్టుకుని ఇంకా ఆరు వారాలు కాలేదు.

విశాఖ_రెడ్
ఆగస్టు 11, మధ్యాహ్నం 2:40

అక్కా, తెలిసే వదిలేశాను. ఆ పేరు టైప్ చేయడానికి చెయ్యి రాలేదు.

లెక్కల_మాస్టారు
ఆగస్టు 11, సాయంత్రం 6:05

అమ్మా, మీరు రాసింది చదివాక మళ్లీ గత సీజన్ చివరి భాగం తిరగేశాను. ఒక విషయం కనబడింది.

మార్చి 8న సౌతాంప్టన్ మీద రెండు పెనాల్టీలతో సలా 27 గోల్స్‌కి చేరాడు. ఆ తర్వాత మిగిలిన 9 లీగ్ మ్యాచ్‌ల్లో ఆయన కొట్టినవి 2 మాత్రమే, టాటెన్‌హామ్ మీద ఒకటి, చివరి రోజు ప్యాలెస్ మీద ఒకటి. అంటే టైటిల్ ఖాయం కావాల్సిన నెలన్నరలో ఆయన తగ్గాడు. అయినా గెలిచాం. ఎవరు గెలిపించారు? ఎవర్టన్ మీద 1-0, జోటా. లివర్‌పూల్‌కి అతను కొట్టిన చివరి గోల్ అదే. వెస్ట్‌హామ్ మీద 2-1, 89వ నిమిషంలో వాన్ డైక్. లెస్టర్ మీద 1-0, రైట్ బ్యాక్ ట్రెంట్.

జోటా లేడు. ట్రెంట్ రియల్ మాడ్రిడ్‌కి వెళ్లిపోయాడు. డియాజ్ బయర్న్‌కి. నూనియెజ్ మొన్ననే అల్ హిలాల్‌కి. సలా తగ్గినప్పుడు టీమ్‌ని నిలబెట్టిన చేతుల్లో ఇప్పుడు ఎన్ని మిగిలాయో చూడండి. విశాఖ బాబు చెప్పిన ఉదాహరణలన్నీ నిజమే. కానీ అవన్నీ సలా లేనప్పుడు పక్కన ఎవరున్నారో చెబుతున్నాయి. ఆ పక్కవాళ్లే మారిపోయారు.

ఎర్రచొక్కా_11
ఆగస్టు 11, రాత్రి 9:30

మాస్టారూ, నాకు మాటల్లో పెట్టడం రానిది మీరు చెప్పారు. నా భయం సలా గురించి కాదేమో. సలా చుట్టూ కట్టిన ఏర్పాటు గురించి.

గత సీజన్ మన కోచ్ స్లాట్ ఏం చేశాడో గుర్తు తెచ్చుకోండి. సలా వెనక్కి వచ్చి డిఫెన్స్ చేసే పని బాగా తగ్గించాడు. టైటిల్ గెలిచిన రోజు సలా స్వయంగా చెప్పాడు, డిఫెన్స్ విషయంలో నన్ను వదిలేస్తే గోల్స్ సంగతి నేను చూసుకుంటానని కోచ్‌తో ముందే అన్నానని. ఆయన మాట నిలబెట్టుకున్నాడు. అయితే ఆయన చేయని పని ఎవరో ఒకరు చేయాలి కదా! అది సొబొస్లై చేశాడు. గ్రావెన్‌బెర్క్ మధ్యలో నిలబడి కుడివైపు సందులు మూశాడు. బంతి దొరికిన క్షణంలో ట్రెంట్ తల ఎత్తకుండానే అరవై గజాల పాస్ వేసేవాడు, సలా అప్పటికే పరిగెత్తుతూ ఉండేవాడు. ఏడేళ్లకు పైగా కలిసి ఆడినవాళ్లకే అది వస్తుంది.

ఆ కుడివైపు నలుగురు కలిసి నడిపిన వ్యవహారం. పేరు మాత్రం ఒకరిది. ఇప్పుడు అందులో ఒకరు పోయారు, స్ట్రైకర్ వెనక ఆడే చోటులోకి కొత్తగా వచ్చిన విర్ట్స్ వస్తే సొబొస్లై ఎక్కడ ఆడతాడో తెలియదు. ట్రెంట్ చోటులో ఆడే ఫ్రింపాంగ్ పాస్ వేసే రకం కాదు, తనే పరిగెత్తుకుంటూ పైకి వెళ్లే రకం. అతను పైకి వెళ్తే, సలా వెనక్కి రాకపోతే, ఆ ఖాళీ ఎవరు చూస్తారు? నిన్న ప్యాలెస్ రెండో గోల్ చూస్తున్నప్పుడు నా మనసులో తిరిగింది ఇదే.

గుంటూరు_గన్నర్
ఆగస్టు 12, ఉదయం 10:12

నేను ఆర్సెనల్ అభిమానిని, మీ చర్చలోకి వచ్చినందుకు ఏమీ అనుకోవద్దు. చాలా బాగా మాట్లాడుకుంటున్నారు కాబట్టి ఒక్కమాట.

బయటివాళ్లకి మీ బలహీనత మార్చిలో కనబడింది. పారిస్‌తో రెండు మ్యాచ్‌ల్లో నూనో మెండెస్ సలాని వదల్లేదు. ఐదు రోజులకి లీగ్ కప్ ఫైనల్‌లో న్యూకాసిల్ నుంచి లివ్రమెంటో అదే చేశాడు. ఆ ఫైనల్‌లో సలా ఒక్క షాట్ కూడా కొట్టలేదు. ఆ రోజు దెబ్బ తగిలి ట్రెంట్ ఆడలేదని మర్చిపోకండి. ఎర్రచొక్కా గారు చెప్పిన మాటకి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

మాకూ ఇలాంటి భయం 2007లో ఉండేది. ఆన్రీ బార్సిలోనాకి వెళ్లిపోయాడు, ఇక మా పని అయిపోయిందన్నారు. ఆ సీజన్ 83 పాయింట్లు తెచ్చుకున్నాం, అంతకుముందు ఏడాది 68 మాత్రమే. అడెబయోర్ 24 గోల్స్ కొట్టాడు. టైటిల్ రాలేదు, అది వేరే బాధ. ఆన్రీ లేకపోవడంతో చిన్నవాళ్లు తమంతట తాము ఆడటం మొదలుపెట్టారని నాకు అప్పుడు అనిపించింది. పెద్దచెట్టు నీడలో మొక్కలు ఎదగవంటారు కదా.

విశాఖ_రెడ్
ఆగస్టు 12, ఉదయం 10:50

గన్నర్ గారూ, సరిగ్గా నేను చెప్పాలనుకున్నది. టాటెన్‌హామ్ కూడా చూడండి. 2022-23లో వాళ్ల 70 గోల్స్‌లో కేన్‌వి 30. ఎనిమిదో స్థానం. కేన్ బయర్న్‌కి వెళ్లాక మరుసటి సీజన్ 74 గోల్స్, ఐదో స్థానం. ఇంగ్లండ్ చరిత్రలోనే గొప్ప స్ట్రైకర్లలో ఒకడు వెళ్లిపోతే గోల్స్ పెరిగాయి!

పాతకాపు_86
ఆగస్టు 12, మధ్యాహ్నం 1:25

బాబూ, నాకు అరవై దాటాయి. చిన్న టీవీలో హైలైట్స్ చూసిన రోజుల నుంచి ఈ టీమే. మీ ఇద్దరి ఉదాహరణలకి మన సొంత ఇంట్లోనే ఎదురు ఉదాహరణ ఉంది.

2013-14. సువారెజ్ 31 గోల్స్. టీమ్ మొత్తం 101 గోల్స్. రెండో స్థానం, 84 పాయింట్లు. అతన్ని బార్సిలోనాకి అమ్మేశాం. మరుసటి ఏడాది టీమ్ కొట్టినవి 52. నూట ఒకటి నుంచి యాభై రెండు! ఆరో స్థానం. ఆ ఏడాది లీగ్‌లో మనవాళ్లలో ఎక్కువ గోల్స్ జెరార్డ్‌వి, 9. అప్పటికే ఆయన వెళ్లిపోయే ఏడాది.

లెక్కల మాస్టారు గారు చూడండి, శాతాల్లో చూస్తే సువారెజ్ వాటా 31 శాతమే. స్టరిడ్జ్ 21, జెరార్డ్ 13 కొట్టారు. కాగితం మీద చూస్తే ఆ టీమ్ ఒక్కడి మీద ఆధారపడినట్టు అస్సలు కనబడదు. అయినా కూలింది. ఎందుకంటే సువారెజ్ వెళ్లాడు, స్టరిడ్జ్ దెబ్బలతో 12 లీగ్ మ్యాచ్‌లకి మించి ఆడలేదు. వచ్చిన డబ్బుతో కొన్నవాళ్లలో ఒక్కరూ ఆ ఆట ఆడే రకం కాదు.

అదే డబ్బు 2018లో ఎలా వాడారు? జనవరిలో కౌటిన్యో బార్సిలోనాకి వెళ్లాడు, వాన్ డైక్ వచ్చాడు, వేసవిలో అలిసన్ వచ్చాడు. ఏడాదిన్నరలో మాడ్రిడ్‌లో ఐరోపా కప్పు ఎత్తాం. గోల్స్ కొట్టేవాడిని అమ్మి గోల్స్ ఆపేవాళ్లని కొన్నారు.

కాబట్టి ఒక్కడి మీద ఆధారపడటం మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకి గోల్స్ వాటా జవాబు చెప్పదు. వాడు లేని రోజు కోసం ఇల్లు సర్దుకున్నారా లేదా అన్నదే అసలు సంగతి.

లెక్కల_మాస్టారు
ఆగస్టు 12, మధ్యాహ్నం 1:58

ఒప్పుకుంటున్నాను. 55 శాతం అని నేను మొదట చెప్పిన లెక్కకి నేనే ఎక్కువ బరువు ఇచ్చాను. ఆ 101 నుంచి 52కి పడిపోవడం చూశాక నాకు అర్థమైంది.

గచ్చిబౌలి_గ్యాలరీ
ఆగస్టు 12, రాత్రి 8:44

పాతకాపు గారి మాట చదివాక మన హైదరాబాద్ ఎఫ్‌సీ గుర్తొచ్చింది, చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

2021-22లో మా స్ట్రైకర్ ఒగ్బెచే 18 గోల్స్ కొట్టి ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గోల్డెన్ బూట్ తీసుకున్నాడు. సీజన్ మొత్తం గోవాలోనే, ఫైనల్ తప్ప అన్నీ ఖాళీ స్టాండ్‌ల మధ్య. మేం ఇక్కడ ఫోన్లలో చూస్తూ "బంతి ఒగ్బెచేకి ఇవ్వండిరా" అని అరిచేవాళ్లం. మార్చి 20న ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్. స్టేడియం నిండా పసుపు చొక్కాలే. 1-0తో వెనకబడ్డాం. 88వ నిమిషంలో గోల్ కొట్టింది ఒగ్బెచే కాదు, బెంచ్ నుంచి వచ్చిన సాహిల్ తవోరా. షూటౌట్‌లో కప్పు తెచ్చింది గోల్‌కీపర్ కట్టిమణి, మూడు కిక్‌లు ఆపాడు. ఆ రాత్రి మా హాస్టల్‌లో ఫుట్‌బాల్ తెలియనివాళ్లు కూడా లేచి కూర్చున్నారు.

ఆ టీమ్‌కి ఒగ్బెచే కావాలి, ఒగ్బెచే లేకుండా ఫైనల్ దాకా రాలేం. ఫైనల్ గెలవడానికి మాత్రం ఇంకొకరు కావాల్సి వచ్చింది. తర్వాత ఆ టీమ్ చెదిరిపోయింది, జీతాల దగ్గర్నుంచి అన్నీ దెబ్బతిన్నాయి, 2023-24లో ఒక్క మ్యాచే గెలిచి అట్టడుగున నిలిచింది. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

దేశం టీమ్ సంగతీ అంతే. 94 గోల్స్ కొట్టి ఛెత్రి గత ఏడాది జూన్‌లో కోల్‌కతాలో వీడ్కోలు తీసుకున్నాడు. తొమ్మిది నెలలకే, నలభై ఏళ్ల వయసులో, మళ్లీ పిలిచారు. వచ్చిన మొదటి మ్యాచ్‌లోనే మాల్దీవుల మీద గోల్ కొట్టాడు. ఆ గోల్‌కి నేను చప్పట్లు కొట్టాను, వెంటనే కళ్లలో నీళ్లొచ్చాయి. సంతోషంతో కాదు. ఇరవై ఏళ్లలో ఇంకొకణ్ని తయారుచేసుకోలేకపోయామే అని.

నైట్‌షిఫ్ట్_ఫ్యాన్
ఆగస్టు 13, తెల్లవారుజాము 3:15

ఎఫ్‌పీఎల్ (బడ్జెట్‌లో లీగ్ ఆటగాళ్లని ఎంచుకుని ఊహా టీమ్ కట్టే ఆన్‌లైన్ ఆట) ఆడేవాళ్లకి: సలా ధర 14.5. నేను పెట్టేశాను, కెప్టెన్ కూడా ఆయనే. నా బడ్జెట్‌లో ఏడో వంతు పైగా ఒక్కడికే పోయింది. మిగతా టీమ్ చౌకవాళ్లతో నింపాల్సి వచ్చింది. స్లాట్ తలనొప్పి ఏంటో ఈ రాత్రి కొంచెం అర్థమైంది.

మెర్సీ_ఒడ్డున
ఆగస్టు 13, మధ్యాహ్నం 3:30

ఛెత్రి గురించి చదివి ఏడుపొచ్చింది గచ్చిబౌలి తమ్ముడూ.

ఇక్కడివాళ్లు ఏమనుకుంటున్నారో చెబుతాను. మా వార్డులో ఒక పేషెంట్ తాతగారు, 1965 నుంచి సీజన్ టికెట్ ఉన్న కుటుంబం. ఆయన్ని అడిగాను, సలా లేకపోతే ఎలా అని. కీవ్ గురించి చెప్పారు. 2018 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్, రియల్ మాడ్రిడ్. అరగంటకే రామోస్‌తో పడి సలా భుజం పట్టుకుని ఏడుస్తూ బయటికి వెళ్లాడు. అప్పటిదాకా మనవాళ్లు బాగా ఆడుతున్నారు. ఆయన వెళ్లగానే పదకొండు మంది కాళ్లూ బరువెక్కాయట. గ్రౌండ్‌లో మిగిలింది ఇంకా పదకొండు మందే కదా, కానీ పదిమంది ఆడుతున్నట్టు ఉందన్నారు ఆయన. 3-1తో ఓడిపోయాం. ఏడాది తిరిగేసరికి అదే టీమ్, అదే సలా లేకుండా, బార్సిలోనా మీద నాలుగు కొట్టింది.

మధ్యలో ఏం మారింది అని అడిగితే, "సలా లేకపోయినా ఆట ఆగదని వాళ్లకి వాళ్లు నమ్మకం తెచ్చుకున్నారు" అన్నారు. ఇప్పుడు ఈ కొత్త పిల్లలకి ఆ నమ్మకం ఎప్పుడొస్తుందో. అందులో సగంమంది ఆన్‌ఫీల్డ్‌లో లీగ్ మ్యాచే ఆడలేదు ఇంకా.

విశాఖ_రెడ్
ఆగస్టు 13, సాయంత్రం 5:10

అక్కా, అందుకే విర్ట్స్, ఎకిటికే, కెర్కెజ్, ఫ్రింపాంగ్‌లని కొన్నారు. ఎకిటికే గత సీజన్ ఫ్రాంక్‌ఫర్ట్‌కి బుండెస్‌లిగాలో 15 కొట్టాడు. విర్ట్స్ 20 ఏళ్లకే లెవర్కూసెన్‌ని లీగ్ ఛాంపియన్ చేసినవాళ్లలో ముఖ్యుడు. స్ట్రైకర్ ఇసాక్ కోసం కూడా అడిగారు, న్యూకాసిల్ ఇంకా వదలట్లేదు. క్లబ్ సలా లేని రోజు కోసమే ఈ డబ్బంతా పెడుతోంది. ఏప్రిల్‌లో ఆయనకి రెండేళ్ల కాంట్రాక్ట్ ఇచ్చి, వేసవిలో ఆయన తర్వాతి టీమ్‌ని కొన్నారు. పాతకాపు గారు అడిగిన "ఇల్లు సర్దుకోవడం" ఇదే కదా.

ఎర్రచొక్కా_11
ఆగస్టు 13, సాయంత్రం 5:48

కొనడం సర్దుకోవడంలో సగమే తమ్ముడూ. ఒక సీజన్‌లోనే పాత ఏర్పాటు తీసి కొత్తది పెట్టాలంటే మధ్యలో కొన్ని నెలలు రెండూ ఉండవు. ఆ నెలల్లో టీమ్ అలవాటుగా సలా వైపే చూస్తుంది. ఆయనకేమో వెనక ట్రెంట్ లేడు. పాత బరువంతా ఉంటుంది, పాత సాయం ఉండదు. నా భయమంతా ఆగస్టు నుంచి డిసెంబర్ దాకానే. ఆఫ్రికా కప్ డిసెంబర్ 21న మొరాకోలో మొదలవుతుంది, జనవరి 18 దాకా ఉంటుంది. మీరంతా ఆయన లేని ఆ నెల గురించి కంగారు పడుతున్నారు. నేను ఆయన ఉన్న నాలుగు నెలల గురించి పడుతున్నాను.

గుంటూరు_గన్నర్
ఆగస్టు 13, సాయంత్రం 6:20

ఈ మాట నేను రాసిపెట్టుకుంటున్నాను. మా కోచ్‌ల దగ్గర కూడా ఇదే లెక్క ఉంటుందనుకుంటాను.

పాతకాపు_86
ఆగస్టు 15, రాత్రి 11:40

పిల్లలూ, అందరూ మేలుకునే ఉన్నారా? పన్నెండున్నరకి మొదలు. గ్రావెన్‌బెర్క్ సస్పెన్షన్, ఆడడు. మనవడు నాతో పాటు కూర్చున్నాడు, వాడికి ఇదే మొదటి రాత్రి మ్యాచ్.

నైట్‌షిఫ్ట్_ఫ్యాన్
ఆగస్టు 16, తెల్లవారుజాము 12:53

ఇరవయ్యో నిమిషం. స్టేడియం మొత్తం లేచి నిలబడి చప్పట్లు. జోటా నంబర్ 20.

విశాఖ_రెడ్
ఆగస్టు 16, తెల్లవారుజాము 1:12

ఎకిటికే! లీగ్‌లో మొదటి మ్యాచ్, మొదటి గోల్! అంతకుముందు ఆట ఆపారు, బోర్న్‌మత్ ఆటగాడు సెమెన్యోని ఎవరో స్టాండ్ నుంచి జాతి పేరుతో తిట్టారట. ఆన్‌ఫీల్డ్‌లో ఇలాంటిది జరగడం సిగ్గుచేటు. ఆ అబ్బాయి ఎంత గట్టివాడు, ఆట కొనసాగించాడు.

విశాఖ_రెడ్
ఆగస్టు 16, తెల్లవారుజాము 1:43

గాక్‌పో. 2-0. సలా గోల్ లేకుండానే రెండు. చూశారా అన్నా?

ఎర్రచొక్కా_11
ఆగస్టు 16, తెల్లవారుజాము 2:12

2-2. రెండూ సెమెన్యోనే. రెండోది తమ సగం నుంచి ఒక్కడే పరిగెత్తుకుంటూ వచ్చాడు, ఆపేవాళ్లే లేరు. ఫ్రింపాంగ్ అప్పటికే కండరం పట్టుకుని బయటికి వెళ్లాడు, రైట్ బ్యాక్‌లో ఎండో. గ్రావెన్‌బెర్క్ ఉంటే ఆ మధ్యలో ఒక్కడైనా ఎదురొచ్చేవాడు. నాకు టెన్షన్‌తో చేతులు వణుకుతున్నాయి.

నైట్‌షిఫ్ట్_ఫ్యాన్
ఆగస్టు 16, తెల్లవారుజాము 2:24

కియేజాాా! 88వ నిమిషం! గత సీజన్ అంతా బెంచ్ మీద కూర్చున్న కియేజా!

నైట్‌షిఫ్ట్_ఫ్యాన్
ఆగస్టు 16, తెల్లవారుజాము 2:31

సలా. 94వ నిమిషం. 4-2.

లెక్కల_మాస్టారు
ఆగస్టు 16, తెల్లవారుజాము 2:44

ప్రీమియర్ లీగ్ మొదటి రౌండ్ మ్యాచ్‌ల్లో ఇది ఆయనకి పదో గోల్. ఇన్ని ఇంతవరకు ఎవరూ కొట్టలేదు. ఈ ఒక్క లెక్క రాసి పడుకుంటాను.

మెర్సీ_ఒడ్డున
ఆగస్టు 16, తెల్లవారుజాము 3:20

స్టేడియం బయటే ఉన్నాను, టికెట్ దొరకలేదు, పక్క వీధిలో పబ్‌లో చూశాను. ఆట అయ్యాక అందరూ లోపలికి వెళ్లిపోతున్నారు, సలా ఒక్కడూ కాప్ స్టాండ్ ముందు నిలబడిపోయాడు. జనం జోటా పేరు పాడుతుంటే చప్పట్లు కొడుతూ ఏడ్చాడు. పబ్‌లో ఎవరూ కదల్లేదు. ఎనిమిదేళ్లుగా మనమే ఆయన మీద వాలిపోతున్నాం. ఆయన ఎవరి మీద వాలతాడో నేను ఎప్పుడూ ఆలోచించలేదు.

విశాఖ_రెడ్
ఆగస్టు 16, ఉదయం 9:05

రాత్రి అక్క రాసింది చదివి ఇప్పటిదాకా ఏమీ రాయలేకపోయాను.

ఆట గురించి ఒక్కమాట. నాలుగు గోల్స్, నలుగురు. మ్యాచ్‌ని మళ్లీ మనవైపు తిప్పింది కియేజా. నా మాటే నిజమనడానికి రాయట్లేదు. కుడివైపు విషయంలో ఎర్రచొక్కా అన్న మాటే నిజమైంది, రెండు గోల్స్ ఇచ్చుకున్న తీరు చూశాం. ముందు నలుగురు దొరికారు, వెనక దొరకాలి.

పాతకాపు_86
ఆగస్టు 16, ఉదయం 9:40

మనవడు నిద్రపోకుండా చివరిదాకా చూశాడు. పొద్దున లేచి అడిగిన మొదటి ప్రశ్న, "తాతయ్యా, ఆ కియేజా చొక్కా దొరుకుతుందా?" అని. ఇంట్లో అందరం సలా చొక్కా అడుగుతాడనుకున్నాం.

ఎర్రచొక్కా_11
ఆగస్టు 16, ఉదయం 10:15

కొనివ్వండి బాబాయ్, తప్పకుండా కొనివ్వండి.

తర్వాతిది న్యూకాసిల్ గ్రౌండ్‌లో, మనకి 26 తెల్లవారుజామున పన్నెండున్నరకి. ఫ్రింపాంగ్ ఎన్నాళ్లు ఉండడో, ఇంకో రైట్ బ్యాక్ బ్రాడ్లీ ఎప్పటికి కోలుకుంటాడో. గ్రావెన్‌బెర్క్ తిరిగొస్తాడు, అది ఊరట. సొబొస్లైని రైట్ బ్యాక్‌లో దింపితే సలా వెనక కనీసం అతని పరుగు తెలిసినవాడు ఉంటాడని నా ఆశ. లేదా గోమెజ్‌ని పెట్టి సొబొస్లైని మిడ్‌ఫీల్డ్‌లోనే ఉంచాలా? మీరైతే ఎవర్ని పెడతారు?